ఫిల్టర్ హుక్ నేర్పుతూ మేము నేర్చుకున్నది



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ గారు కబురు చేసినప్పుడు ఏం రాయాలా అని మేము ముగ్గురం చాలాసేపు మాట్లాడుకున్నాం. హాస్టల్ జ్ఞాపకాలు రాయడానికి మాకంటే పెద్దవాళ్ళున్నారు. కవితలు రాసే తమ్ముళ్ళు ప్రతి గదిలోనూ ఉన్నారు. అందుకని ఏడాదిన్నరగా ఆదివారాలు మేము చేస్తున్న ఒక పని గురించి రాద్దామనుకున్నాం. వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఫిల్టర్ హుక్కులు ఎలా వాడాలో డెవలపర్లకు నేర్పడం ఆ పని. పేరు వినగానే ఇది మనకెందుకని పేజీ తిప్పేయకండి. ఇందులో కంప్యూటర్ సంగతి సగమే. మిగతా సగం మన సంగతి.

మా గురించి రెండు మాటలు. మాలో ఒకరిది తెనాలి పక్క పల్లె, ఒకరిది బాపట్ల, ఒకరిది రేపల్లె దగ్గర. 2022లో జిల్లాలు విడిపోయాక తెనాలి గుంటూరు జిల్లాలో ఉండిపోయింది, బాపట్ల, రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్ళాయి. మమ్మల్ని మాత్రం ఎవరూ విడదీయలేదు. ఒకే గదిలో మూడు ట్రంకు పెట్టెలు పెట్టుకుని చదివాం. ముగ్గురికీ ఇరవై మూడేళ్ళు. ముగ్గురం ఎం.సి.ఏ. పూర్తి చేశాం. మా ఇళ్ళలో డిగ్రీ పట్టా చేతపట్టుకున్న మొదటివాళ్ళం మేమే. వరి నాట్లకు వెళ్ళి, మినుము పీకడానికి వెళ్ళి మా అమ్మలు మమ్మల్ని ఇక్కడిదాకా తెచ్చారు. ఈ వ్యాసం రాస్తున్న చెయ్యి ఒకటే అయినా మాట ముగ్గురిదీ.

అసలు ఏమిటీ హుక్?

ఒక వెబ్‌సైటులో రోజూ వార్తలు, ఫొటోలు, ప్రకటనలు పెట్టాలంటే ప్రతిసారీ కోడ్ రాయలేం కదా! ఆ అవసరం లేకుండా, ఉత్తరం రాసినట్టు రాసి ఒక బటన్ నొక్కితే చాలు అనేలా చేసే సాఫ్ట్‌వేర్‌ను కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అంటారు. వాటిలో అందరికంటే ఎక్కువమంది వాడేది వర్డ్‌ప్రెస్. మ్యాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ అనే ఇద్దరు 2003 మే 27న దీన్ని మొదటిసారి విడుదల చేశారు. వాళ్ళు కూడా సున్నా నుంచి మొదలుపెట్టలేదు. అంతకుముందు మిషెల్ వాల్‌డ్రిగీ అనే ఫ్రాన్స్ యువకుడు రాసి అందరికీ ఉచితంగా వదిలిపెట్టిన బీ2 అనే ప్రోగ్రామ్ తీసుకుని, దాన్ని బాగుచేసి, మళ్ళీ అందరికీ ఉచితంగానే ఇచ్చారు. ఈ రోజు ప్రపంచంలోని వెబ్‌సైట్లలో ఐదింట రెండు వంతులు దాని మీదే నడుస్తున్నాయి. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కూడా 2023లో తన వెబ్‌సైటును దీని మీదికి మార్చింది. మన తెనాలిలో ఒక బట్టల కొట్టు సైటు దాని మీద ఉంటుంది, నాసా సైటు కూడా దాని మీదే ఉంటుంది. డబ్బు కట్టనవసరం లేదు, ఎవరినీ అడగనవసరం లేదు.

ఐతే ఒక చిక్కుంది. అందరికీ ఒకే సాఫ్ట్‌వేర్ కదా, మన అవసరానికి తగ్గట్టు మార్చుకోవడం ఎలా? దాని లోపలి ఫైళ్ళు తెరిచి అక్కడే మార్చేయవచ్చు. మన ఊళ్ళలో చాలామంది చేసేది అదే. కాని కొత్త వెర్షన్ వచ్చి అప్‌డేట్ అయినప్పుడు పాత ఫైళ్ళు పోయి వాటి స్థానంలో కొత్త ఫైళ్ళు వస్తాయి. మనం చేసిన మార్పు వాటితోపాటే పోతుంది. అప్‌డేట్ చేయకుండా ఉంచుదామంటే, బయటపడిన లోపాలు అలాగే ఉండిపోయి, ఎవరో ఒకరు సైటులోకి చొరబడతారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఈ చిక్కు తీర్చడానికే హుక్కులు పెట్టారు. హుక్ అంటే కొక్కెం. మన గదిలో తువ్వాలు తగిలించుకోవడానికి గోడ పగలగొట్టం. గోడకున్న కొక్కేనికి తగిలిస్తాం. రేపు గోడకు సున్నం వేస్తే తువ్వాలుకేమీ కాదు. 2004 మే నెలలో వచ్చిన 1.2 వెర్షన్ నుంచి వర్డ్‌ప్రెస్‌లో ఇలాంటి కొక్కేలున్నాయి. ఇప్పుడవి వేల కొద్దీ ఉన్నాయి. అవి రెండు రకాలు. ఒకటి యాక్షన్. ఫలానా సమయం వచ్చినప్పుడు ఫలానా పని చెయ్యి అని చెప్పడం. మెస్ గంట కొట్టగానే కంచాలు పట్టుకుని వరుసలో నిలబడతామే, అలాంటిది. రెండోది ఫిల్టర్. ఒక వస్తువు మన చేతికొస్తుంది, దాన్ని మార్చి తిరిగి ఇవ్వాలి. మేము నేర్పేది ఈ రెండోదే. ఎందుకంటే అందరూ తప్పేది ఇక్కడే.

మా మొదటి విద్యార్థి

ఈ క్లాసులు మేము అనుకుని పెట్టినవి కావు. మాకంటే రెండేళ్ళు ముందు మన హాస్టల్‌లో చదివిన ఒక అన్న, ఈ మూడు ఊళ్ళలో ఒకచోట వెబ్‌సైట్లు తయారుచేసే చిన్న ఆఫీసులో చేరాడు. నెలకు తొమ్మిది వేలు. ఒక స్కూలు వాళ్ళు తమ సైటులో ప్రతి ప్రకటన కింద అడ్మిషన్ల ఫోన్ నంబరు రావాలని అడిగారు. లోపలి ఫైలులోనే మార్చెయ్యి, తొందరగా అవుతుంది అన్నాడు యజమాని. అన్న అలాగే చేశాడు. కొన్నాళ్ళకు అప్‌డేట్ అయింది, నంబరు మాయమైంది. సరిగ్గా అడ్మిషన్ల రోజులు. స్కూలు వాళ్ళు యజమాని మీద అరిచారు, యజమాని ఆ నెల జీతంలో సగం పట్టుకున్నాడు. ఆ సగం జీతం ఆ నెల ఇంట్లో ఎవరి మందులకో, ఎవరి ఫీజుకో పోవలసిన డబ్బని మీకు వేరే చెప్పనవసరం లేదు.

ఆ ఆదివారం అన్న మా దగ్గరికొచ్చాడు. మేము అప్పుడు తెనాలి స్టేషన్ దగ్గర ఒక గదిలో ఉంటున్నాం. ముగ్గురికీ కలిపి ఒక సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్. ఎం.సి.ఏ. చదివే రోజుల్లో కాలేజీ ల్యాబ్ సాయంత్రం మూసేస్తే, వర్డ్‌ప్రెస్ వాళ్ళు ఉచితంగా పెట్టిన మాన్యువల్‌ను ఒకే ఫోన్‌లో ముగ్గురం తలలు ఆనించి చదివినవాళ్ళం. అందులో ఫిల్టర్ల అధ్యాయం మాకు బాగా పట్టుబడింది. అన్నతో కూర్చుని తొమ్మిది లైన్లలో ఒక చిన్న ప్లగిన్ రాశాం. ‘ది కంటెంట్’ అనే ఫిల్టర్ ప్రతి ప్రకటన తెర మీదికి వెళ్ళేముందు దాని పాఠాన్ని మన చేతికిస్తుంది. మనం దాని చివర ఫోన్ నంబరు చేర్చి తిరిగి ఇస్తాం. లోపలి ఫైలును ముట్టుకోలేదు. ఆ తర్వాత అప్‌డేట్ వచ్చినప్పుడు సైటులో ఏమీ జరగలేదు. “ఏమీ జరగలేదురా!” అని అన్న ఫోన్ చేసి చెప్పాడు. ఏమీ జరగకపోవడం అంత పెద్ద సంతోషమని మాకు ఆ రోజే తెలిసింది.

తర్వాతి ఆదివారం అన్న తనతో ఇద్దరిని తీసుకొచ్చాడు. అలా మొదలైంది. ఇప్పుడు నెలలో ఒక ఆదివారం తెనాలి, ఒక ఆదివారం బాపట్ల, ఒక ఆదివారం రేపల్లె. రైల్లో వెళ్ళి రైల్లో వస్తాం. ఎవరి దగ్గరా ఫీజు తీసుకోం. టీ మాత్రం వాళ్ళే తాగిస్తారు.

శివారు భూముల లెక్క

ఫిల్టర్ చెప్పడానికి మేము మొదట పుస్తకంలో ఉన్న మాటలే చెప్పేవాళ్ళం. తలలు ఊపేవాళ్ళు కాని, రాయమంటే రాయలేకపోయేవాళ్ళు. అప్పుడు మాకు మన కాలువ గుర్తుకొచ్చింది. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ దగ్గర నుంచి కృష్ణ నీళ్ళు పడమటి డెల్టాలోకి వస్తాయి. దుగ్గిరాల లాకులు దాటి, చీలి, తూములు దాటి, పిల్ల కాలువల్లో పడి, చివరికి రేపల్లె, బాపట్ల వైపు శివారు భూములకు చేరతాయి. శివారు రైతు కష్టం ఏమిటో మాలో ఇద్దరి ఇళ్ళలో బాగా తెలుసు. పైవాడు నీళ్ళు వాడుకోవచ్చు, తప్పు లేదు. కాని అడ్డుకట్ట వేసి కిందికి వదలకపోతే, కిందున్న నారుమడి ఎండిపోతుంది.

ఫిల్టర్ కూడా అంతే. ఒకే పాఠం మీద అయిదారు ఫిల్టర్లు వరుసగా పనిచేస్తాయి. ఒకటి పేరాలు విడదీస్తుంది, ఒకటి కొటేషన్ గుర్తులు సరిచేస్తుంది, ఒకటి మనం రాసినది. ప్రతి ఫిల్టరూ పైనుంచి వచ్చింది అందుకుని, తన పని చేసి, కిందికి వదలాలి. ఆ వదలడాన్నే కోడ్‌లో రిటర్న్ అంటారు. రిటర్న్ రాయడం మరిచిపోతే పేజీ ఖాళీగా వస్తుంది. తప్పు ఎక్కడుందో చెప్పే హెచ్చరిక కూడా ఉండదు. పైన నీళ్ళు నిండుగానే ఉంటాయి, శివారులో మాత్రం చుక్క ఉండదు.

కొత్తవాళ్ళు చేసే రెండో పొరపాటు, తిరిగి ఇవ్వడానికి బదులు ఎకో అని రాసి అక్కడికక్కడే అచ్చు వేసేయడం. అప్పుడు మనం చేర్చిన వాక్యం ఒక్కటే తెర మీద కనిపిస్తుంది, అసలు పాఠం ఉండదు. కాలువలో నీళ్ళు కడవతో తోడి గట్టు మీద పోసినట్టు. మూడోది, ‘ది కంటెంట్’ ఒక్క పేజీలోనే నడుస్తుందనుకోవడం. అది సారాంశాలు తయారయ్యేటప్పుడు కూడా నడుస్తుంది. అందుకని ఇది పూర్తి పేజీయేనా, ముఖ్యమైన పాఠమేనా అని ముందు అడిగి, కాకపోతే వచ్చింది వచ్చినట్టు తిరిగి ఇచ్చేయాలి.

రేపల్లెలో చిట్టీల ఆట

రేపల్లె క్లాసుకు వచ్చేవాళ్ళలో సగం మందికి ల్యాప్‌టాప్ లేదు. కొందరు ఇంటర్ పిల్లలు, కొందరు మీసేవ కేంద్రాల్లో, జిరాక్సు షాపుల్లో పనిచేస్తూ సైట్లు చేయడం నేర్చుకోవాలనుకునేవాళ్ళు. కంప్యూటర్ లేకుండా ఫిల్టర్ ఎలా నేర్పాలి? మేము చిట్టీల ఆట పెట్టాం.

ఆరుగురిని వరుసగా కూర్చోబెడతాం. ఒక్కొక్కరికి ఒక నంబరు ఇస్తాం. చిన్న నంబరు ముందు, పెద్ద నంబరు తర్వాత. నంబరు చెప్పనివాళ్ళకు పది. ఇద్దరికి పదే వస్తే ముందు పేరు ఇచ్చినవాళ్ళు ముందు. వర్డ్‌ప్రెస్‌లో ప్రయారిటీ అనేది అచ్చంగా ఇదే. ఒక చిట్టీ మీద “మన హాస్టల్ వార్షికోత్సవం” అని రాసి మొదటివాళ్ళకిస్తాం. ఒకరు తేదీ చేరుస్తారు, ఒకరు అక్షర దోషం దిద్దుతారు, ఒకరు చివర “అందరూ రండి” అని రాస్తారు. ఆరోవాళ్ళు చదివి వినిపిస్తారు. రెండోసారి ఆడేటప్పుడు మధ్యలో ఒకరి చెవిలో చెబుతాం, చిట్టీ నీ జేబులో పెట్టేసుకో అని. చివరివాళ్ళు ఖాళీ చేతులతో కూర్చుంటారు. నవ్వులే నవ్వులు. ఆ నవ్వుల్లో రిటర్న్ ఎవరూ మరిచిపోలేని పాఠమైపోతుంది.

ఒకసారి ఆట మధ్యలో ఇంటర్ రెండో సంవత్సరం చదివే చెల్లెలు చిట్టీ పట్టుకుని ఆగిపోయింది. “అన్నా, ఇందులో నేను మార్చాల్సింది ఏమీ లేదు. ఏం చెయ్యాలి?” అని అడిగింది. మేము జవాబు చెప్పేలోపే తనే, “మార్చకపోయినా ముందుకి ఇవ్వాలి కదా!” అంది. అంతే! ఫిల్టర్ గురించి తెలుసుకోవలసినది అంతకంటే ఏమీ లేదు. మార్చినా ఇవ్వాలి, మార్చకపోయినా ఇవ్వాలి. అప్పటి నుంచి ప్రతి క్లాసులో ఆ మాటనే మొదటి సూత్రంగా చెబుతున్నాం.

బాపట్లలో గుణింతం

బాపట్ల క్లాసు వేరు. అక్కడికి ఇంజనీరింగ్ చదివి, ఐదారేళ్ళుగా సైట్లు చేస్తున్నవాళ్ళు వస్తారు. మాకంటే వయసులో పెద్దవాళ్ళు, ఇంగ్లీషు గడగడ మాట్లాడేవాళ్ళు. మొదటి రోజు ఒకాయన “మీదే కాలేజీ తమ్ముడూ? ఎక్కడుండి చదివారు?” అని అడిగాడు. చెప్పాం. “ఓహో, హాస్టలా” అన్నాడు. ఆ “ఓహో” మీరందరూ ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. మేము బోర్డు వైపు తిరిగి పాఠం మొదలుపెట్టాం. జవాబు చెప్పడానికి పాఠం కంటే మంచి చోటు లేదు.

మూడో వారం ఆయనే ఒక సమస్య తెచ్చాడు. ఆయన చూసే సైటులో వార్తలన్నీ తెలుగులో ఉంటాయి. వార్త శీర్షిక నుంచి లింకు చివర ఒక పేరు తయారవుతుంది, దాన్ని స్లగ్ అంటారు. తెలుగు శీర్షికల లింకులు ఎవరికైనా పంపితే శాతం గుర్తులతో బారెడు పొడుగున కనిపిస్తున్నాయి, పైగా మధ్యలో తెగిపోతున్నాయి. ఎందుకో ఎవరికీ తెలియలేదు.

మేము బోర్డు మీద లెక్క వేశాం. కంప్యూటర్‌లో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు పడతాయి. లింకులో ఒక్కో బైటును ఒక శాతం గుర్తు, రెండు అక్షరాలుగా రాస్తారు. అంటే ఒక్కో గుర్తుకు తొమ్మిది స్థానాలు. గుర్తు అంటే మనం పలికే అక్షరం కాదు. ‘తె’లో త ఒకటి, ఎత్వం ఒకటి, మొత్తం రెండు. అలా ‘తెనాలి’లో ఆరు గుర్తులు, 54 స్థానాలు. ‘బాపట్ల’లో పొల్లుతో కలిపి ఆరు, 54 స్థానాలు. ‘రేపల్లె’లో ఏడు, 63 స్థానాలు. మూడు ఊళ్ళూ, మధ్యలో రెండు గీతలూ కలిపితే 173. వర్డ్‌ప్రెస్ స్లగ్‌కు ఇచ్చిన చోటు 200 మాత్రమే. ఇప్పుడు నాలుగో మాటగా ‘హాస్టల్’ చేర్చండి. గీతకు ఒకటి, హ, దీర్ఘం కలిపి పద్దెనిమిది, మొత్తం 192. తర్వాతి గుర్తుకు తొమ్మిది కావాలి, చోటు లేదు. అక్కడ తెగిపోతుంది. లింకులో “తెనాలి-బాపట్ల-రేపల్లె-హా” అని మిగులుతుంది. క్లాసంతా హాహా అని నవ్వారు. ఇంగ్లీషు శీర్షికలో అక్షరానికి ఒక స్థానమే కాబట్టి ఈ బాధ అక్కడ తెలియదు.

పరిష్కారం ఫిల్టర్‌లోనే ఉంది. శీర్షికను స్లగ్‌గా మార్చేటప్పుడు ‘శానిటైజ్ టైటిల్’ అనే ఫిల్టర్ నడుస్తుంది. అక్కడ తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చి ఇస్తే సరి. ఆయన ఇంటి దగ్గర రాసుకొచ్చాడు కాని పని చేయడం లేదు. చూస్తే ప్రయారిటీ చెప్పలేదు, అంటే పది. వర్డ్‌ప్రెస్ సొంత ఫిల్టర్ కూడా పదిలోనే, ఈయన కంటే ముందే పేరు ఇచ్చుకుని ఉంది. ఈయన వంతు వచ్చేసరికి తెలుగు అంతా అప్పటికే శాతం గుర్తులైపోయింది. మార్చడానికి అక్షరమే మిగలలేదు. పదిని తొమ్మిది చేయమన్నాం. ఇప్పుడు తెలుగు తెలుగుగానే చేతికొచ్చింది.

కాని ఇంకో ఇబ్బంది. ఆయన పట్టిక ప్రకారం ‘తెనాలి’ ఇంగ్లీషు అక్షరాల్లో “తఎనఆలఇ” అన్నట్టుగా వస్తోంది. ఎందుకలా వస్తోందో గదిలో ఉన్న ఇంజనీర్లకు తట్టలేదు. వెనక వరుసలో బాలికల హాస్టల్ నుంచి వచ్చిన డిగ్రీ చెల్లెలు చెయ్యెత్తింది. ఒకటి నుంచి పది దాకా సర్కారు బడిలో తెలుగు మీడియం చదివిన పిల్ల. “గుణింతం వస్తే తలకట్టు తీసేయాలి కదా సార్!” అంది.

ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. సరిగ్గా అదే అసలు సంగతి. ‘త’లో అకారం దాగి ఉంది. దానికి ఎత్వం ఇస్తే తలకట్టు పోయి ఎత్వం వస్తుంది. పలక మీద దిద్దినప్పుడు మనందరం చేసిన పనే. కోడ్‌లో కూడా హల్లు తర్వాత గుణింతపు గుర్తు వస్తే ముందున్న అకారం తీసేయాలి. పొల్లు వస్తే తీసేసి ఊరుకోవాలి. ఏదీ రాకపోతే అకారం ఉంచాలి. సున్న సంగతి కూడా ఆ చెల్లెలే చెప్పింది. ‘కంది’లో నకారంలా, ‘పంపు’లో మకారంలా పలుకుతాం కాబట్టి తర్వాత వచ్చే అక్షరాన్ని చూసి మార్చాలి అని. ఆ మధ్యాహ్నం ఆమె చెబుతుంటే ఆయన టైప్ చేశాడు. సాయంత్రానికి లింకులు పొట్టిగా, చదవడానికి వీలుగా వచ్చాయి.

ప్లగిన్ మొదట్లో రాసినవారి పేరు వేయడానికి ఒక లైను ఉంటుంది. ఎవరూ అడగకుండానే ఆయన అక్కడ ఆ చెల్లెలి పేరు వేశాడు. మొదటి రోజు “ఓహో” అన్న మనిషి! ఆమె ఆ లైనును ఫోన్‌లో ఫొటో తీసుకుని వాళ్ళ అమ్మకు పంపింది. వాళ్ళ అమ్మకు చదవడం రాదు. పక్కింటివాళ్ళతో చదివించుకుందట.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! తెలుగు మీడియంలో చదివామని ఎక్కడికెళ్ళినా తల దించుకునే అలవాటు మనకు పట్టింది. ఇంగ్లీషు నేర్చుకోవలసిందే, అందులో రెండో మాట లేదు. మాన్యువల్ అంతా ఇంగ్లీషులోనే ఉంది. మేము కూడా ఫిల్టర్, రిటర్న్, ప్రయారిటీ అన్న మాటలను అలాగే ఉంచి, వివరణ మాత్రం తెలుగులో చెబుతాం. రేపు ఇంటర్వ్యూలో అవే మాటలు అడుగుతారు కదా! కాని మనకు వచ్చిన గుణింతం తక్కువ చదువు కాదు. తెలుగు చదివే కోట్లమంది కోసం సైట్లు తయారు చేయాలంటే ఆ గుణింతం వచ్చినవాళ్ళు కావాలి.

నేర్చుకోవాలనుకునేవారికి

ఈ పని నేర్చుకోవాలనుకునే తమ్ముళ్ళకు మా అనుభవం నుంచి నాలుగు మాటలు. మొదట పీహెచ్‌పీలో ఫంక్షన్ రాయడం నేర్చుకోండి, ఫిల్టర్ అంటే చివరికి ఒక ఫంక్షనే. మొదటి అభ్యాసంగా ‘ఎక్సెర్ప్ట్ లెంగ్త్’ తీసుకోండి. వర్డ్‌ప్రెస్ సారాంశానికి మామూలుగా 55 మాటలు తీసుకుంటుంది. మన తెలుగులో మాటకు మాట అతుక్కుని పొడుగవుతుంది కాబట్టి 55 చాలా ఎక్కువ. ఫిల్టర్‌తో 25 అని తిరిగి ఇచ్చి చూడండి. ఒక అంకె తిరిగి ఇస్తే సైటంతా మారడం కళ్ళారా చూస్తారు. ఈ అభ్యాసానికి పాత పద్ధతి థీమ్ వాడండి.

రెండు, ఫిల్టర్ మీకు ఒకటి కంటే ఎక్కువ వస్తువులు ఇస్తుంటే ఎన్ని కావాలో ముందే చెప్పాలి. చెప్పకపోతే ఒకటే ఇస్తుంది. మీ ఫంక్షన్ మూడు అడిగి ఒకటే అందుకుంటే సైటు ఆగిపోతుంది. మూడు, తగిలించిన ఫిల్టర్ తీసేయాలంటే తగిలించిన నంబరుతోనే తీయాలి. తొమ్మిదిలో పెట్టినదాన్ని పదిలో వెతికితే దొరకదు. నాలుగు, లోపలి ఫైళ్ళను ఎవరు చెప్పినా ముట్టుకోవద్దు. యజమాని తొందర పెడితే, ప్లగిన్ కూడా అంతే సేపట్లో అవుతుందని చేసి చూపించండి. మాటతో వాదించవద్దు.

ఇలా నేర్చుకున్న అందరికీ ఉద్యోగాలొచ్చాయని మేము చెప్పం. అబద్ధమవుతుంది. మా మొదటి విద్యార్థి అన్న ఆ ఆఫీసు మానేసి, ఇప్పుడు సొంతంగా కొన్ని సైట్లు చూసుకుంటున్నాడు. ఒక నెల బాగుంటుంది, ఒక నెల అంతంత మాత్రం. కాని తను చేసిన పని తెల్లారేసరికి చెరిగిపోతుందన్న భయం లేదు, సగం జీతం పట్టుకునేవాడూ లేడు. ఇద్దరు తమ్ముళ్ళు వచ్చి రెండు వారాలకే మానేశారు. వాళ్ళింట్లో ఆదివారం కూలి పోగొట్టుకునే వీలు లేదు. వాళ్ళను తప్పుపట్టే హక్కు మాకు లేదు. వాళ్ళ కోసం సాయంత్రం క్లాసు పెట్టాలని చూస్తున్నాం.

మమ్మల్ని కూడా అడుగుతుంటారు, పీజీ చేసి ఆదివారాలు ఊరికే ఎందుకు తిరుగుతారని. మా ఇళ్ళలోనూ అడుగుతారు. అప్పులున్న ఇళ్ళు కదా, అడగడం న్యాయమే. మాలో ఇద్దరం ఉద్యోగాలు చేస్తూనే ఈ పని చేస్తున్నాం, ఒకరం వెతుక్కుంటూ చేస్తున్నాం. మేము చెప్పే జవాబు ఒకటే. అంబేద్కర్ గారు స్థాపించిన బహిష్కృత హితకారిణి సభ 1925లో సోలాపూర్‌లో విద్యార్థుల కోసం ఒక హాస్టల్ నడిపింది. అలాంటి ప్రయత్నాలు ఎన్నో జరిగితేనే ఈనాడు మన కంచంలోకి అన్నం, మన చేతికి పుస్తకం వచ్చాయి. ఎవరో పైన వదిలారు కాబట్టి నీళ్ళు మనదాకా వచ్చాయి. మనకంటే కింద ఇంకా మడులున్నాయి.

మేము పెద్ద మార్పేమీ చేయలేదు. ఐదారు ప్లగిన్లు, నలభై మంది దాకా మనుషులు, కొన్ని రైలు టిక్కెట్లు. చిట్టీ మా చేతిలోకి వచ్చింది, మాకు చేతనైనంత దిద్ది ముందుకు ఇస్తున్నాం. ఈ సంచిక చదువుతున్న మీలో ఎవరికైనా ఆసక్తి ఉంటే వార్డెన్ గారి దగ్గర పేరు ఇవ్వండి. ల్యాప్‌టాప్ లేకపోయినా ఫరవాలేదు, ఒక నోటు పుస్తకం తెచ్చుకోండి. ఇప్పటికే పనిలో ఉన్న అన్నయ్యలు, అక్కయ్యలు నెలకు ఒక్క ఆదివారం మాతో వచ్చి ఒక పాఠం చెబితే రేపల్లెలో ఇంకో వరుస కూర్చుంటుంది.